పెన్షన్ ఇవ్వలేనిది

పదవీ విరమణ మనిషి చరిత్రలో చాలా కొత్త ఏర్పాటు. ఒంట్లో ఓపిక ఉన్నన్నాళ్లు పనిచేయడం, ఓపిక తగ్గినకొద్దీ తేలికపాటి పనికి మారడం, మంచాన పడితే పిల్లలు చూసుకోవడం, వెయ్యేళ్లుగా సాగిన తీరు ఇదే. ఫలానా తేదీ సాయంత్రంతో పని ముగిసిపోవడం పరిశ్రమలు, ప్రభుత్వ కార్యాలయాలు పెరిగాక వచ్చింది. జర్మనీలో బిస్మార్క్ ప్రభుత్వం 1889లో వృద్ధాప్య పింఛను చట్టం చేసినప్పుడు అర్హత వయసు 70గా పెట్టింది. ఆ వయసు దాకా బతికే కార్మికులే అప్పట్లో తక్కువ. మన దేశంలో స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దగ్గర ఉండేది, ఇప్పుడది 70కి చేరింది. 60 దాటినవారి లెక్క విడిగా తీస్తే వారు సగటున మరో 18 ఏళ్లు బతుకుతున్నారు. అంటే ఉద్యోగం ముగిశాక మిగిలే కాలం ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడు చదువు పూర్తిచేసి ఉద్యోగంలో కుదురుకునేటంత పొడవు. అంత కాలానికి ఎవరూ సిలబస్ రాసిపెట్టలేదు.

విరమణ వయసు కూడా ప్రభుత్వాల నిర్ణయాలతో మారుతూ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం 1983 ఫిబ్రవరిలో 58 నుంచి 55కి తగ్గించింది. ఉత్తర్వు వచ్చిన మూడు వారాలకే, ఆ నెలాఖరున, వేలమంది ఒక్కసారిగా ఇంటిదారి పట్టారు. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, తర్వాత వయసు మళ్లీ 58 అయింది. రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ దాన్ని 2014లో 60కి, 2022లో 62కి పెంచింది. తెలంగాణ 2021లో 61కి పెంచింది. ఏ వయసైనా విరమణ మాత్రం నెలాఖరు సాయంత్రమే. తెలుగునాట జూన్ 30న రిటైరయ్యేవారు ఎక్కువగా కనిపించడానికి కారణం పాత బడి రిజిస్టర్లు. పుట్టిన తేదీ ఇంట్లో ఎవరికీ తెలియని పిల్లలకు బళ్లో చేర్చుకునేటప్పుడు మేష్టారే జూన్, జూలై నెలల్లో ఒక తేదీ వేసేసేవారు. ఆయన కలం నుంచి జారిన ఆ తేదీయే యాభై ఏళ్ల తర్వాత ఉద్యోగానికి ఆఖరి రోజును నిర్ణయించింది.

ఆఖరి రోజు సందడిగానే గడుస్తుంది. దంపతులిద్దర్నీ పక్కపక్క కుర్చీల్లో కూర్చోబెట్టి శాలువా కప్పుతారు, దండలు వేస్తారు, వచ్చినవాళ్లంతా నాలుగు మంచి మాటలు చెబుతారు. ఆఫీసు బండిలో ఇంటి దాకా దిగబెడతారు. మరుసటి వారం గ్రాట్యుటీ, కమ్యుటేషన్, పెన్షన్ కాగితాల తిరుగుడు. ఆ తర్వాత తీర్థయాత్ర, బంధువుల ఇళ్లలో పెళ్లిళ్లు, ఏళ్ల తరబడి వాయిదా పడ్డ కంటి ఆపరేషన్. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ యాచ్లీ 1976లో పదవీ విరమణను దశలుగా విడదీసినప్పుడు ఈ కాలాన్ని కొత్త కాపురపు రోజుల వంటిదన్నాడు. దాని తర్వాత వచ్చేది నిరుత్సాహం, ఆపైన కొత్త దారి వెతుక్కోవడం, చివరికి కుదురుకోవడం. అందరికీ అన్ని దశలూ ఇదే వరుసలో రావు. కొందరు నిరుత్సాహాన్ని చూడకుండానే దాటేస్తారు, కొందరు అందులోనే ఉండిపోతారు. అయినా ఆరేడు నెలలు గడిచాక రోడ్డు మీద ఎదురైన పాత సహోద్యోగి “ఏం చేస్తున్నారండీ ఇప్పుడు?” అని అడిగితే “ఏముందండీ, ఖాళీయే” అనే జవాబులో ఉండే నీరసం చాలా ఇళ్లకు తెలిసిందే.

పని ఆగితే జీతంతోపాటు ఇంకా ఏమేం ఆగిపోతాయన్నది మొదట వివరంగా బయటపడింది వృద్ధుల్లో కాదు, నిరుద్యోగుల్లో. ఆస్ట్రియాలో వియన్నా దగ్గర మరియెంతాల్ అనే చిన్న ఊళ్లో అందరికీ అన్నం పెట్టిన మిల్లు 1930 ప్రాంతంలో మూతపడింది. మరీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే యువ పరిశోధకులు ఆ ఊరి జీవితాన్ని దగ్గరగా గమనించి 1933లో పుస్తకం ప్రచురించారు. బోలెడంత తీరిక దొరికిన జనం ఎక్కువ చదువుతారనుకుంటాం. జరిగింది వేరు. ఊరి గ్రంథాలయం నుంచి తీసుకెళ్లే పుస్తకాలు సుమారు సగానికి పడిపోయాయి. మగవాళ్ల నడకలో వేగం తగ్గింది. వీధి దాటే లోపు పలుమార్లు ఆగిపోయేవారు. పొద్దున్నుంచి ఏం చేశారని అడిగితే చెప్పడానికి వాళ్లకు ఏమీ తోచేది కాదు. ఆడవాళ్ల నడక మాత్రం అంతగా మారలేదు, వాళ్లకు ఇంటి పని ఆగలేదు గనుక. ఆ ఊరి దుస్థితికి పేదరికం పెద్ద కారణమే, దాన్ని తక్కువ చేయకూడదు. ఆ అనుభవం నుంచి యహోదా తర్వాత తేల్చిన విషయం మాత్రం పెన్షన్ వచ్చేవారికీ వర్తిస్తుంది. ఉద్యోగం జీతంతోపాటు రోజుకొక వేళాపాళా ఇస్తుంది, ఇంటివాళ్లు కాని మనుషుల్ని రోజూ కలుపుతుంది, పదిమందితో కలిసి ఒక పని చేస్తున్నామన్న భావన ఇస్తుంది, సంఘంలో ఒక గుర్తింపు ఇస్తుంది, ఒంటినీ బుర్రనూ కదిలిస్తుంది. ఇవన్నీ అడక్కుండా దొరికాయి కాబట్టి ఉన్నన్నాళ్లూ ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

వీటన్నిటికీ మూలం ఒకటే అనిపిస్తుంది: తన కోసం ఎవరో ఎదురుచూడటం. హెడ్మాస్టరు గారు వస్తే గాని ప్రార్థన మొదలు కాదు, మేనేజరు గారి సంతకం పడితే గాని లోన్ కాగితం కదలదు, డ్రైవరు ఎక్కితే గాని బస్సు బయల్దేరదు. రిటైరైన మర్నాటి నుంచి ప్రార్థన, సంతకం, బస్సు అన్నీ వేళకే జరిగిపోతాయి. ఈ కొరతను కాలక్షేపంతో పూడ్చబోయి చాలామంది విఫలమవుతారు. టీవీ, ఫోన్, పేకాట, మధ్యాహ్నపు నిద్ర గంటల్ని మింగుతాయి, కానీ వాటి దగ్గర ఎవరూ రిటైరైన మనిషి కోసం ఎదురుచూడరు. పదవీ విరమణ తర్వాతి తృప్తి గురించి చెప్పే ఏ సలహానైనా ఈ గీటురాయి మీద గీసి చూడవచ్చు.

ఇంట్లో వచ్చే మార్పు గురించి బయట తక్కువ మాట్లాడుకుంటారు. ముప్ఫై అయిదేళ్లుగా పగలంతా తనదైన ఇంట్లోకి ఒక మనిషి పూర్తికాలం వచ్చి కూర్చోవడం గృహిణికి చిన్న విషయం కాదు. పదిన్నరకొకసారి, నాలుగింటికొకసారి టీ, మధ్యాహ్నం వేడి అన్నం, వంటగది సర్దుడు మీద సూచనలు. ఆయన తీరిక ఆమెకు అదనపు డ్యూటీ అవుతుంది. ఆమెకు ఏ వయసులోనూ సన్మానసభ జరగదు, విరమణ ఉత్తర్వు రాదు. భర్తకు రిటైర్మెంట్ వచ్చినప్పుడు ఇంటి పనిలో సగం పంచుకోవడం ఆయనకే మొదటి మంచి వ్యాపకం. కూరగాయలు తేవడం, పొద్దుటి కాఫీ, వారానికి రెండు పూటల వంట ఆయన చేతిలోకి వస్తే ఆమెకు గుడికో స్నేహితురాలి ఇంటికో వెళ్లే పూట దొరుకుతుంది. ఉద్యోగం చేసిన స్త్రీల పరిస్థితి ఇంకో రకం. వారు రిటైరయ్యేది రెండు పనుల్లో ఒకదాని నుంచే. “ఇక ఖాళీయేగా” అంటూ రెండో పని భారమంతా, మనవల పెంపకంతో సహా, వారి మీదకే జరుగుతుంది.

డబ్బు విషయం తేల్చకుండా తృప్తి గురించి మాట్లాడటం సరికాదు. పెన్షన్ దయాదాక్షిణ్యం కాదని, ఉద్యోగి హక్కని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం డి.ఎస్.నకారా కేసులో 1982 డిసెంబరు 17న స్పష్టంగా చెప్పింది. పెన్షనర్లు ఏటా ఆ రోజును పండుగలా జరుపుకుంటారు. కానీ ఆ హక్కు అందరికీ ఒకేలా లేదు. కేంద్రంలో 2004 జనవరి తర్వాత, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అదే ఏడాది సెప్టెంబరు తర్వాత చేరిన ఉద్యోగులు వాటాల పద్ధతి పెన్షన్‌లోకి వెళ్లారు. ప్రైవేటు రంగంలో ఉద్యోగుల పెన్షన్ పథకం ఈపీఎస్-95 కింద కనీస పెన్షన్ నెలకు 1,000 రూపాయలు. రైతుకు, కూలీకి, చేనేత కార్మికుడికి, ఇళ్లలో పనిచేసే స్త్రీకి విరమణ అనే మాటే లేదు. వారికి దొరికేది ప్రభుత్వం ఇచ్చే వృద్ధాప్య పింఛనే. నెల గడవని వారు అరవై దాటాక వాచ్‌మన్ ఉద్యోగం వెతుక్కుంటే అది జీవిత పరమార్థపు అన్వేషణ కాదు, అవసరం. చేతికి ఒక్కసారిగా పెద్ద మొత్తం వచ్చినవారికి వేరే ప్రమాదం ఉంది. అధిక వడ్డీ ఆశలు, ప్లాట్ల దళారులు, వ్యాపారం పెడతానన్న కొడుకు, అందరూ ఆ నెలల్లోనే వస్తారు. ఆస్తిని పిల్లలకు రాసిచ్చేవారు తమను చూసుకోవాలన్న షరతు దస్తావేజులో పెట్టాలి. అలా పెడితే, పిల్లలు పట్టించుకోనప్పుడు 2007 నాటి తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టం కింద ఆ బదిలీని రద్దు చేయించుకునే వీలుంది.

బతుకుదెరువు బెంగ లేనివారికి ఆదర్శం కావాలంటే తెలుగువారు దూరం వెళ్లక్కర్లేదు. గిడుగు వెంకట రామమూర్తి 1863 ఆగస్టు 29న పుట్టారు. పర్లాకిమిడిలో ముప్ఫై ఏళ్లు ఉపాధ్యాయుడిగా పనిచేసి 1911లో రిటైరయ్యారు. మలేరియాకు వాడిన క్వినైన్ వల్ల వినికిడి అప్పటికే చాలావరకు పోయింది. బాగా వినిపించని మనిషి సభలకు వెళ్లి వాదించడం ఎంత కష్టమో ఊహించవచ్చు. అయినా వాడుక భాషలో చదువు చెప్పాలన్న ఉద్యమానికి ఆయన పూర్తి కాలం ఇచ్చింది ఉద్యోగం మానేశాకే. ఊరూరా తిరిగారు, గ్రాంథికవాదుల రాతల్లోనే తప్పులు ఎత్తి చూపారు. 1919లో ‘తెలుగు’ అనే మాసపత్రిక నడిపారు. పక్క కొండల్లోని సవరల భాషను ఉద్యోగకాలంలోనే నేర్చుకుని, వారి పిల్లల కోసం బళ్లు పెట్టారు. ఆ భాషకు ఆయన రాసిన వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లిషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. నిఘంటువు వచ్చేనాటికి ఆయన వయసు 75. అంతకు రెండేళ్ల ముందు, 1936లో, పర్లాకిమిడి కొత్త ఒడిశా రాష్ట్రంలోకి వెళ్లినప్పుడు, జీవితంలో ఎక్కువ కాలం గడిపిన ఊరు వదిలి రాజమహేంద్రవరం వచ్చేశారు. 1940 జనవరి 22న మరణించడానికి వారం ముందు కూడా పత్రికా రచయితలతో భాష గురించే మాట్లాడారు. ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతున్నది మనం. ఉద్యోగంలో ఉండగానే మొలకెత్తిన ఆసక్తి తీరిక దొరికాక చెట్టయిందన్న సంగతి గమనించదగ్గది. పింఛను కాగితం చేతికొచ్చాక ఏం చేద్దామని వెతికి ఆయన దాన్ని పట్టుకోలేదు.

అందరూ గిడుగులు కానక్కర్లేదు. అయితే దారులు స్థూలంగా రెండు రకాలే. మొదటిది పాత నైపుణ్యాన్నే పదవి లేకుండా, ఒత్తిడి లేకుండా కొనసాగించడం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యులుగా పనిచేసిన చిలుకూరి శాంతమ్మ 1989లో రిటైరయ్యారు. తొంభై దాటాక కూడా ఆమె విశాఖపట్నం నుంచి విజయనగరం వెళ్లి, చేతికర్రల ఆసరాతో నిలబడి, సెంచూరియన్ విశ్వవిద్యాలయ విద్యార్థులకు పాఠాలు చెప్పారు. ఆచార్య పదవి పోయినా తరగతి గదిలో పిల్లలు ఆమె కోసం ఎదురుచూశారు. ఈ దారిలో నడిచే చిన్న ఉదాహరణలు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. పెన్షనర్ల సంఘం గదిలో, పాత ఫ్యాను కింద బల్ల వేసుకుని కూర్చునే విశ్రాంత ట్రెజరీ ఉద్యోగిని చూస్తే చాలు. భర్త పోయిన ఒక ముసలామె ప్లాస్టిక్ సంచిలోంచి పాత పెన్షన్ ఉత్తర్వు (పీపీఓ), ఆధార్, బ్యాంకు పుస్తకం తీసి ఆయన ముందు పెడుతుంది. పేరు ఒకచోట ఇంటిపేరుతో, ఒకచోట ఇంటిపేరు లేకుండా ఉంటుంది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, రెండు కాగితాల్లోని తేడాను వేలితో చూపిస్తూ, ఏ దరఖాస్తు ఎక్కడ ఇవ్వాలో తెలుగులో రాసిచ్చి, మళ్లీ బుధవారం రమ్మంటాడు. ఆ బుధవారం ఆయనకూ కావాలి. ఉద్యోగంలో విసుగ్గా చేసిన పనే ఇక్కడ గౌరవం తెస్తుంది, ఎందుకంటే ఇప్పుడది ఆయన ఎంచుకున్న పని.

రెండోది పాత వృత్తితో సంబంధం లేని కొత్త పని. దక్షిణ మధ్య రైల్వే నుంచి 2008లో రిటైరైన గంగాధర్ తిలక్ హైదరాబాద్ వచ్చాక రోడ్డు గుంటలు పూడ్చడం మొదలుపెట్టారు. తన కారు గుంటలో పడి బడిపిల్లల మీద బురద చిందడం దానికి కారణం. మొదట సొంత డబ్బుతో మట్టి తోలించారు, తర్వాత పెన్షన్‌లోంచే ఖర్చుపెట్టి, కారు డిక్కీలో గోతాలు వేసుకుని ఊరంతా తిరిగారు. మున్సిపాలిటీ చేయాల్సిన పని ఒక పెద్దాయన చేయాల్సి రావడం ఆలోచించాల్సిన విషయమే. ఆయనకు మాత్రం రోజు ఎక్కడ మొదలవ్వాలో తెలిసింది.

ఇలాంటి పనులు ఆరోగ్యానికీ మేలు చేస్తాయా అన్న ప్రశ్నకు కొంత సమాధానం ఉంది. అమెరికాలో షికాగోలోని రష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తొమ్మిది వందలకు పైగా వృద్ధుల్ని ఏళ్ల తరబడి గమనించి 2010లో ఫలితాలు ప్రకటించారు. జీవితానికి ఒక ప్రయోజనం ఉందని గట్టిగా భావించినవారు అల్జీమర్స్ బారిన పడకుండా ఉండే అవకాశం, ఆ భావన బాగా తక్కువగా ఉన్నవారి కంటే సుమారు 2.4 రెట్లు ఎక్కువగా కనిపించింది. ఇది కార్యకారణ సంబంధాన్ని రుజువు చేయదు. మెదడు బాగున్నవారికే ఉత్సాహం ఎక్కువ ఉండి ఉండవచ్చు. బాల్టిమోర్ నగరంలో జరిగిన ఎక్స్‌పీరియన్స్ కోర్ ప్రయోగం ఇంకాస్త గట్టిది. అరవై దాటినవారిని వారానికి కనీసం 15 గంటలు ప్రాథమిక పాఠశాలల్లో చిన్నపిల్లలకు చదవడం నేర్పే పనిలో పెట్టారు. బళ్లకు వెళ్లిన పెద్దల్లో శారీరక చురుకుదనం పెరిగింది, అవసరమైతే సాయం అడగదగ్గ మనుషులు తమకున్నారని చెప్పుకున్న సంఖ్య కూడా పెరిగింది. అందులో 15 గంటలన్నది కీలకం. నెలకోసారి పళ్లు పంచి ఫొటో దిగే సేవలో ఈ ఫలితం ఆశించలేం. వేళ ఉండాలి, వెళ్లకపోతే “తాతగారు ఇవాళ రాలేదేం?” అని అడిగే పిల్ల ఉండాలి.

మన బళ్లలోనూ దీనికి తలుపు తెరిచే ఉంది. కేంద్ర విద్యాశాఖ 2021 సెప్టెంబరులో తెచ్చిన విద్యాంజలి 2.0 పోర్టల్‌లో పేరు నమోదు చేసుకుని ప్రభుత్వ పాఠశాలలకు స్వచ్ఛందంగా సేవ చేయవచ్చు. మూడో తరగతిలో ఉండి పేరా చదవలేని పిల్లలు ఏ ఊరి బళ్లోనైనా కనిపిస్తారు. ఒక విశ్రాంత ఉద్యోగి, ఇద్దరు పిల్లలు, రోజూ ఒక గంట. దీనికి పెట్టుబడి అక్కర్లేదు. చదువుకోవాలనే కోరిక మిగిలిపోయినవారికి సార్వత్రిక విశ్వవిద్యాలయాలున్నాయి. ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో 1973లో పియర్ వెల్లాస్ వృద్ధుల కోసమే విశ్వవిద్యాలయం మొదలుపెట్టాడు, అది తర్వాత ఎన్నో దేశాలకు పాకింది. రాయాలనుకునేవారికి 2003 నుంచి నడుస్తున్న తెలుగు వికీపీడియా ఉంది. తమ ఊరి చెరువు, గుడి, బడి గురించి ఆధారాలతో రాయగలిగినవారు ఆ ఊళ్లో పెరిగి పెద్దయినవారే.

మనవల సంగతి వేరే చెప్పుకోవాలి. తెలుగు కుటుంబాల్లో రిటైర్మెంట్‌కు అర్థం చాలాసార్లు డాలస్‌కో న్యూజెర్సీకో ఆరు నెలల ప్రయాణం. మనవణ్ని ఎత్తుకునే సంతోషానికి సాటిలేదు. దాంతోపాటు, కొడుకూ కోడలూ ఆఫీసుకు వెళ్లిపోయాక కారు నడపడం రాని ఇద్దరు పెద్దవాళ్లు, తలుపులు మూసిన పెద్ద ఇంట్లో, సాయంత్రం కోసం కిటికీలోంచి చూస్తూ గడపడం కూడా నిజమే. పిల్లల అవసరం తీరాక వీసా గడువుతోపాటు ఆ పనీ అయిపోతుంది. అక్కడ కుదురుకున్నవారిలో చాలామంది ఏదో ఒక పనికి తమ పేరు రాయించుకున్నవారే. అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర 2007లో మొదలుపెట్టిన మనబడి తెలుగు తరగతులు స్వచ్ఛంద ఉపాధ్యాయులతో నడుస్తాయి. అమ్మమ్మ దగ్గర పద్యం నేర్చుకున్న పిల్ల తరగతిలో అప్పజెప్పినప్పుడు ఆ అమ్మమ్మ పగటి పూటకొక విలువ వస్తుంది. మనవల్ని చూసుకోవడం ఇష్టమైన పనిగా ఉండాలంటే ‘ఇవాళ కుదరదు’ అనే వీలు తాతకూ బామ్మకూ ఉండాలి. ఆ మాట అనలేని చోట అది జీతం లేని ఉద్యోగం.

శరీరం సహకరించని వారు, జీవిత భాగస్వామిని పోగొట్టుకున్నవారు ఈ చర్చలో తరచూ పక్కన పడిపోతారు. మోకాళ్లు కదలనివారికి రోడ్డు గుంటల కథ పనికిరాదు. వారికి పని కొలత తగ్గుతుంది, స్వభావం తగ్గదు. ఫోన్‌లో రోజూ ఒంటరిగా ఉన్న ముగ్గురిని పలకరించడం, మనవరాలికి లెక్కలు చెప్పడం, వంశంలో ఎవరు ఎవరికి ఏమవుతారో రాసిపెట్టడం మంచం మీదనుంచే సాగుతాయి. వినికిడి తగ్గినప్పుడు యంత్రం పెట్టుకోకుండా మాటలు మానేయడం మన ఇళ్లలో మామూలు. మాటలు మానేసిన మనిషిని ఇంట్లోవాళ్లు కూడా క్రమంగా పలకరించడం మానేస్తారు. అందుకే ఆ యంత్రం మందుల జాబితాలో ముందుండాలి. ఎక్కువ వారాలు నిద్ర పట్టక, ఆకలి లేక, దేనిమీదా మనసు పోకపోతే దాన్ని వయసు ఖాతాలో వేయకుండా డాక్టరుకు చూపించాలి. అది కుంగుబాటు కావచ్చు, దానికి వైద్యం ఉంది. సలహాకు, వేధింపుల ఫిర్యాదుకు దేశమంతటా వృద్ధుల సహాయవాణి నంబరు 14567.

సన్నాహం ఎప్పుడు మొదలవ్వాలన్నదానికి 1983 నాటి ఉద్యోగుల అనుభవమే గుర్తుకొస్తుంది. వారికి మూడు వారాలే దొరికాయి. ఇప్పటి ఉద్యోగికి, వయసు నిబంధన మళ్లీ మారితే తప్ప, తన తేదీ సర్వీసు పుస్తకాన్ని బట్టి మొదటి రోజు నుంచే తెలుసు. ఆఖరి రెండు మూడేళ్లలో అప్పులు, పిల్లల పెళ్లి ఖర్చులు, ఇల్లు ఎక్కడ అన్నవి దంపతులు కూర్చుని తేల్చుకోవాలి. సొంతూరికి వెళ్లిపోదామనుకునేవారు ముందు అక్కడ ఒక నెల ఉండి చూడాలి. ముప్ఫై ఏళ్ల క్రితం వదిలిన ఊళ్లో స్నేహితులు మిగలకపోవచ్చు, ఆసుపత్రి దూరం కావచ్చు. చేయాలనుకున్న పనిని ఉద్యోగంలో ఉండగానే ఆదివారాలు చేసి చూడటం అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష. పది ఆదివారాలు బడికో, తోటకో, గ్రంథాలయానికో, సంఘం గదికో వెళ్లి, పదకొండో ఆదివారం మానేసినప్పుడు అక్కణ్నుంచి ఫోన్ వస్తే, రిటైరయ్యాక వెళ్లాల్సిన చోటు దొరికినట్టే. ఫోన్ రాకపోతే ఇంకో చోటు వెతకడానికి ఇంకా సమయం ఉంటుంది.